మోకాలి నొప్పి, ఉబ్బసం, షుగర్... కుంగ్‌ఫూ సాధన సాగేదెట్లా?

ఈ నెల వ్యాయామం శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒంట్లో ఏదో ఒక ఇబ్బంది పెట్టుకొని కుంగ్‌ఫూ నేర్చుకుంటున్నవాళ్లవే. కుంగ్‌ఫూ శిక్షకులు, ఫిజియోథెరపిస్టు, జనరల్ ఫిజీషియన్ కలిసి కూర్చొని వీటికి జవాబులు రాశారు. పేర్లు వద్దన్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం. మందు మోతాదు మార్చాల్సి వస్తే ఆ పని మీ డాక్టరుదే.

ప్రశ్న: నా వయసు 34. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఏడాదిన్నరగా కుంగ్‌ఫూ నేర్చుకుంటున్నాను. హార్స్ స్టాన్స్‌లో (గుర్రం మీద కూర్చున్నట్లు కాళ్లు ఎడంగా పెట్టి దిగి నిలబడే భంగిమ) రెండు మూడు నిమిషాలు నిలబడేసరికి కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. మెట్లు దిగుతుంటే కూడా వస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. పది నిమిషాలు నిలబడనిదే తర్వాతి ఫామ్ (ఒక వరుసలో చేసే కదలికల సాధన) చెప్పనని మా మాస్టర్ అంటున్నారు. మానేయమంటారా?
— హన్మకొండ పాఠకుడు

జవాబు: మానేయకండి. ఇప్పుడు నిలబడుతున్న పద్ధతి మాత్రం మార్చండి. ఎక్స్‌రే బాగుండి, మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చొని లేచేటప్పుడు చిప్ప చుట్టూ నొప్పి వస్తోందంటే, ఎక్కువమందిలో అది చిప్పకూ దాని వెనకున్న తొడ ఎముకకూ మధ్య పడే ఒత్తిడి వల్లే. నిలబడి వంగేటప్పుడు మోకాలు ఎంత వంగితే ఆ ఒత్తిడి అంత పెరుగుతుంది. తొడలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగి నిమిషాల తరబడి ఉండటమంటే, ఉన్నవాటిలో అతి పెద్ద బరువును అతి ఎక్కువసేపు మోయడమే. ఆరోగ్యంగా ఉన్న మోకాలు కూడా దానికి నెలల మీద అలవాటు పడుతుంది.

ముందు మీ మాబును, అంటే హార్స్ స్టాన్స్‌ను, ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీసుకోండి. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. మోకాలి చిప్ప మధ్యభాగం పాదంలో బొటనవేలు పక్కనున్న వేలి వైపు చూడాలి. అలసట మొదలయ్యాక మోకాళ్లు లోపలికి ఒరుగుతున్నాయేమో గమనించండి. నొప్పికి ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. పాదాలు రెండూ తిన్నగా ముందుకే ఉండాలని చాలాచోట్ల పట్టుబడతారు. తుంటి కీలు నిర్మాణం అందరికీ ఒకేలా ఉండదు. పాదం తిన్నగా పెడితే మోకాలు లోపలికి మెలితిరిగేవాళ్లు వేళ్లను 15 నుంచి 30 డిగ్రీలు బయటికి తిప్పుకోవాలి. దానివల్ల భంగిమ చెడిపోదు, మోకాలు బతుకుతుంది. బరువు మడమకూ, బొటనవేలి మొదలుకూ, చిటికెనవేలి మొదలుకూ సమంగా పడాలి. నడుం ముందుకు వంచి పిరుదులు వెనక్కి నెట్టడం ఎంత తప్పో, తోకఎముకను బలవంతంగా లోపలికి ముడవడం కూడా అంతే తప్పు.

ఇక లోతు. వెనక ప్లాస్టిక్ కుర్చీ పెట్టి, దాని మీద గట్టి దిండ్లో పాత పుస్తకాల కట్టలో వేయండి. పిరుదులు వాటికి తాకీ తాకనట్లు ఉండే ఎత్తే మీ ఇప్పటి కొలత. నొప్పి పదికి మూడు దాటని ఎత్తు వెతుక్కోండి. ఆ ఎత్తులో 30 సెకన్లు చొప్పున ఐదుసార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. వారానికి నాలుగు రోజులు చాలు. వ్యవధిని నెమ్మదిగా నిమిషానికి పెంచండి. ఐదుసార్లూ నిమిషం చొప్పున కుదిరాక రెండు మూడు వేళ్ల మందం కిందికి దిగి, వ్యవధిని మళ్లీ 30 సెకన్లకు తెచ్చుకోండి. లోతు, సమయం, వేగం, తాకిడి అనే నాలుగింటిలో ఒక్కసారికి ఒక్కటే పెంచాలి. ఈ నియమం ఈ శీర్షికలో ఉత్తరం రాసిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. రెండు కలిపి పెంచితే, నొప్పి వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు.

సరిపోయిందా లేదా అన్నది మర్నాటి పొద్దున మోకాలే చెబుతుంది. లేవగానే నిన్నటికంటే బిగుసుకొని ఉన్నా, మెట్లు దిగడం కష్టమైనా ముందురోజు మోతాదు ఎక్కువైనట్లు. ఒక మెట్టు వెనక్కి రండి. ప్రాక్టీసుకు ముందు నొప్పి గోలీ వేసుకొని దిగొద్దు, ఆ కొలత మీకు అందకుండా పోతుంది.

పక్కన బలం పెంచే పని కూడా ఉండాలి. గోడకు వీపు ఆనించి, సగం లోతున 45 సెకన్లు ఐదుసార్లు. పక్కకు పడుకొని పై కాలును నిటారుగా ఉంచి ఎత్తడం, ఒక్కో వైపు 12 చొప్పున మూడు విడతలు. ఆరంగుళాల మెట్టు మీద నిలబడి, రెండో కాలి మడమ నేలకు తాకేదాకా నెమ్మదిగా దించడం, పది చొప్పున మూడు విడతలు. వారానికి మూడు రోజులు ఇవి చేస్తే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తేడా తెలుస్తుంది. అంతకంటే ముందే ఫలితం చూడాలని తొందరపడేవాళ్లే మధ్యలో వదిలేస్తారు.

ఇంకో సంగతి మీరు అడగలేదు. మాబు నుంచి గోంగ్‌బుకు, అంటే విల్లు భంగిమకు తిరిగేటప్పుడు వెనక పాదం నేలకు అతుక్కుపోయి, మోకాలు మాత్రమే తిరిగితే లోపలి గుజ్జు చిరుగుతుంది. రబ్బరు అడుగున్న బూట్లతో సిమెంటు మీద తిరిగేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ముందు ఆ కాలిమీది బరువు తగ్గించాలి, తుంటి తిరగాలి, దాంతోపాటు మడమ నేల మీద జారాలి. మోకాలిని ఎప్పుడూ విడిగా తిప్పకూడదు. తిరిగినప్పుడు లోపల టక్కుమని, కొన్ని గంటల్లో వాచినా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాచలేకపోయినా, నడుస్తుంటే సడెన్‌గా మడతపడినా ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి. నొప్పి లేకుండా వచ్చే కటకట చప్పుడుకు భయపడొద్దు.

మీ మాస్టర్‌కు ఈ జవాబు చూపించండి. పది నిమిషాల నియమం కాళ్లకు బలం, మనసుకు ఓర్పు రావాలని పెట్టింది. ఎత్తుగా నిలబడి ఆ పది నిమిషాలను రెండేసి నిమిషాలుగా పూర్తిచేస్తానని మర్యాదగా అడిగితే చాలామంది మాస్టర్లు కాదనరు. కాదన్నా, నొప్పి దాచి నిలబడొద్దు.

ప్రశ్న: మా బాబుకు పన్నెండేళ్లు. ఉబ్బసం ఉంది. కుంగ్‌ఫూ క్లాసులో వరుసగా పంచ్‌లు కొట్టించాక దగ్గు, పిల్లికూతలు. మేం ఎనుమాముల మార్కెట్ దగ్గరే ఉంటాం. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మా అత్తమ్మ వాడనీయడం లేదు. క్లాసు మాన్పించాలా?
— వరంగల్ పాఠకురాలు

జవాబు: అమ్మా, క్లాసు మాన్పించకండి, ఇన్‌హేలర్ అసలే మాన్పించకండి. అత్తమ్మ గారి భయం చాలా ఇళ్లలో ఉన్నదే. ఇన్‌హేలర్ మత్తుమందులా అలవాటయ్యేది కాదు. మందు మైక్రోగ్రాముల లెక్కన నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గోలీ అయితే ఒళ్లంతా తిరుగుతుంది. రోజూ వాడమని రాసిచ్చిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ లోపలి వాపును తగ్గిస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు వాడే రిలీవర్ బిగుసుకున్న గాలిగొట్టాలను అప్పటికప్పుడు వదులు చేస్తుంది. మొదటిది మానేసి రెండోదాని మీదే బండి లాగడమే అసలు ప్రమాదం. రెండూ స్పేసర్‌తోనే (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో) ఇవ్వండి, స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించమనండి.

పరిగెత్తినప్పుడో వరుసగా పంచ్‌లు కొట్టినప్పుడో పిల్లవాడు నోటితో గబగబా గాలి పీలుస్తాడు. పొడిగా, చల్లగా, దుమ్ముతో ఉన్న ఆ గాలికి గొట్టాల్లోని తడి ఆరి అవి ముడుచుకుంటాయి. ఆయాసం ఆట మధ్యలోకంటే, ఆపాక ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో ఎక్కువగా ముదురుతుంది. క్లాసు అయిపోయిందని మాస్టర్ అటు తిరిగే సమయం అదే. అందుకే క్లాసు తర్వాత పావుగంట పిల్లవాడిని ఒంటరిగా పంపకూడదు.

డాక్టరు ఒప్పుకుంటే క్లాసుకు పావుగంట ముందు రిలీవర్ రెండు పఫ్‌లు. తర్వాత వార్మప్‌ను 10–15 నిమిషాలు ఇలా చేయించండి: అర నిమిషం చురుగ్గా, నిమిషం నుంచి నిమిషంన్నర నెమ్మదిగా, ఇలా ఆరేడుసార్లు. చాలామంది పిల్లల్లో దీని తర్వాత గంటా రెండు గంటలు గొట్టాలు అంత తేలిగ్గా ముడుచుకోవు. పంచ్‌లు కూడా నిమిషం కొట్టి నిమిషంన్నర ఆగేలా విడగొట్టమని మాస్టర్‌ను అడగండి. చివర ఐదు పది నిమిషాలు నెమ్మదైన ఫామ్‌తో చల్లబరచాలి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో ముక్కుకూ నోటికీ పలచటి గుడ్డ కట్టండి.

మీది ఎనుమాముల కాబట్టి మరో మాట. మిర్చి రాబడి జోరుగా ఉండే నెలల్లో ఆ ఘాటు, ఆ ధూళి మామూలువాళ్లకే దగ్గు తెప్పిస్తాయి. ఆ రోజుల్లో మార్కెట్ పక్క ఖాళీ జాగాలో ప్రాక్టీసు వద్దు. క్లాసు హాల్లో ఉంటే సాయంత్రం పంపండి, లేదంటే కాస్త దూరమైనా భద్రకాళి చెరువు గట్టు వైపో, పబ్లిక్ గార్డెన్‌కో తీసుకెళ్లండి.

ఊపిరి ఎంత బలంగా ఊదగలడో కొలిచే పీక్ ఫ్లో మీటర్ కొనండి. బాగున్న రోజుల్లో రెండు వారాలు ఊదించి, వచ్చిన అతి పెద్ద అంకె రాసిపెట్టుకోండి. దానిలో 80 శాతం పైన ఉంటే పూర్తి క్లాసు. 50–80 మధ్య అయితే స్టాన్స్‌లు, నెమ్మదైన ఫామ్ మాత్రమే, డాక్టరు చెప్పినట్లు మందు. 50 కంటే తగ్గితే రిలీవర్ ఇచ్చి ఆస్పత్రికి. క్లాసుకు ముందు వాడేది కాక, వారంలో రెండు రోజులకంటే ఎక్కువ రిలీవర్ అవసరమవుతోందంటే జబ్బు అదుపులో లేదు, డాక్టరుకు చూపించాలి.

క్లాసులోనే ఆయాసం వస్తే పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. స్పేసర్‌తో ఒక పఫ్, నాలుగు శ్వాసలు. ఇలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే, లేదా మాట పూర్తిచేయలేకపోతే, మెడ గుంటలు పడుతుంటే, పెదవులు నీలంగా మారితే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా పఫ్‌లు కొనసాగించండి. ఇన్‌హేలర్ బ్యాగు అడుగున ఉంటే లాభం లేదు. అది ఎక్కడుందో మాస్టర్‌కూ, పక్కన నిలబడే ఇద్దరు పిల్లలకూ తెలియాలి.

ప్రశ్న: వయసు 52. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. పొద్దున ఐదున్నరకు పరగడుపున ప్రాక్టీసుకు వెళ్తాను. ఒక్కోసారి వణుకు, చెమటలు. స్పారింగ్ (జోడీతో ఎదురెదురుగా తలపడే సాధన) చేసిన రోజు షుగర్ తగ్గకపోగా పెరిగింది. ఎందుకు? చెప్పులు లేకుండా చేయవచ్చా?
— కరీంనగర్ పాఠకుడు

జవాబు: మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ మాత్రం తిన్నారా లేదా అని చూడకుండా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. ముందురోజు రాత్రి తక్కువ తిని, పొద్దున పరగడుపున గంటసేపు కాళ్ల పని చేస్తే షుగర్ 70 కిందికి దిగే వీలుంది. వ్యాయామం చేసిన రాత్రి కూడా, నిద్రలో, ఆలస్యంగా పడిపోవచ్చు. మీ వణుకు సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, మాత్ర వేళో మోతాదో మారుస్తారు. మీ అంతట మీరు ఆపొద్దు.

గ్రౌండ్‌కు బయల్దేరే ముందు వేలికి గుచ్చి చూసుకోండి. 90 కంటే తక్కువైతే చిన్న అరటిపండు తిని పావుగంట ఆగండి. 90 నుంచి 250 వరకు మామూలుగా చేయవచ్చు. 250 దాటి ఒంట్లో బాగోలేకపోతే, వాంతి వచ్చినట్లుంటే కీటోన్లు (షుగర్ మరీ పెరిగినప్పుడు ఒంట్లో చేరే ఆమ్లాలు) చూపించుకోవాలి, ఆ రోజు ప్రాక్టీసు లేదు. 300 దాటితే ఒంట్లో బాగున్నా నీళ్లు తాగి నెమ్మదైన నడక వరకే.

ప్రాక్టీసులో పట్టే చెమటకూ షుగర్ పడిపోయినప్పటి చెమటకూ తేడా తెలుసుకోవాలి. రెండోది చల్లగా ఉంటుంది. చేతులు వణుకుతాయి, ఉన్నట్టుండి ఆకలేస్తుంది, చిరాకు వస్తుంది. ఏళ్లుగా చేస్తున్న ఫామ్‌లో తర్వాతి అడుగు గుర్తుకురాకపోవడం షుగర్ పడిపోతోందనడానికి గట్టి గుర్తు, దాన్ని అలసట అనుకోవద్దు. వెంటనే ఆగి, మూడు టీస్పూన్ల పంచదార లేదా గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి, 70 దాటకపోతే మళ్లీ అంతే. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. గ్లూకోజ్ పొట్లం నడుంపట్టీలోనే ఉండాలి, బండి డిక్కీలో కాదు.

స్పారింగ్‌లో పెరగడానికి కారణం ఒంట్లో ఊరే అడ్రినలిన్. అది కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి వదులుతుంది. గంటా రెండు గంటల్లో దానంతటదే దిగుతుంది. ఆ అంకె చూసి కంగారుపడి అదనపు మాత్ర వేసుకుంటే, తర్వాత దభాల్న పడిపోతుంది. గట్టి రౌండ్ల తర్వాత పది నిమిషాలు నెమ్మదైన ఫామ్ చేస్తే మేలు.

షుగర్ ఉన్నవాళ్లకు రోజు మార్చి రోజైనా కదలడం ముఖ్యం. వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వకుండా, వారానికి కనీసం 150 నిమిషాలు ఉండాలి. అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు ఇంట్లోనే నెమ్మదిగా ఫామ్ నడిస్తే భోజనం తర్వాతి అంకె బాగా తగ్గుతుంది. ఈ చిన్న పని చాలామంది పట్టించుకోరు.

ఇక పాదాలు. డాక్టరు నైలాన్ తీగతో అరికాలిలో పదిచోట్ల తాకించి చూస్తారు. ఆ స్పర్శ అన్నిచోట్లా తెలిస్తేనే, శుభ్రమైన మ్యాట్ మీద మాత్రమే ఒట్టికాళ్లతో చేయండి. కంకర, ముళ్లు ఉన్న మైదానంలోనూ, ఎండకు కాలిన సిమెంటు మీదా వద్దు. తిమ్మిరి ఉంటే సాక్సు, బూట్లు తప్పనిసరి. కుంగ్‌ఫూ బట్టబూట్ల అడుగు పలచన, లోపల మెత్త వేసుకోండి. ప్రాక్టీసు అయ్యాక అరికాలు అద్దంలో చూసుకొని, వేళ్ల సందులు కడిగి తుడవండి. నొప్పి తెలియని బొబ్బ పుండయ్యేదాకా కనిపించదు. కంటి రెటీనా ఏడాదికోసారి చూపించుకోండి. లోపలి రక్తనాళాలు పెళుసుగా ఉన్నాయంటే దూకడం, తలకిందుల భంగిమలు, స్పారింగ్ కుదరవు. ఎనిమిదేళ్ల షుగర్ కాబట్టి భుజం బిగుసుకుంటోందేమో కూడా కనిపెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువ, బలవంతంగా చేయి పైకెత్తించే పార్ట్‌నర్ స్ట్రెచ్‌లతో ముదురుతుంది.

ప్రశ్న: సార్ నమస్తే. గోదావరిఖనిల ఉంట, సింగరేణిల పనిచేస్త. వయసు 46. రెండేండ్ల సంది బీపీ గోలి ఏస్కుంటున్న. చిన్నప్పుడు నేర్చుకున్న కుంగ్‌ఫూ మల్ల షురూ చేసిన. స్టాన్స్‌ల నిలవడితె తలకాయ బరువైతది, లేస్తె కండ్లు తిరుగుతయ్. నైట్ షిఫ్టు దిగినంక గ్రౌండుకు పోవుడు మంచిదేనా? ఎండకు ఓఆర్ఎస్ రోజూ తాగుతున్న.
— గోదావరిఖని పాఠకుడు

జవాబు: తమ్మీ, తల బరువెక్కుతోందంటే స్టాన్స్‌లో ఊపిరి బిగబడుతున్నావు. కండరాలు కదలకుండా బిగుసుకున్నప్పుడు రక్తపోటు ఎటూ పెరుగుతుంది, ఊపిరి కూడా బిగబడితే ఒక్కసారిగా ఎగబాకుతుంది. నిలబడినంతసేపూ బయటికి వినపడేలా అంకెలు లెక్కపెట్టు. లెక్క ఆగిందంటే ఊపిరి ఆగినట్లే. కింది పొట్టలోకి ఊపిరి దించి పట్టి ఉంచే సాధనలు, ఒళ్లంతా బిగించి చేసే ఇనుప చొక్కా తరహా సాధనలు ప్రస్తుతం వద్దు.

కూర్చొని వీపు ఆనించి ఐదు నిమిషాలైనాకే బీపీ చూసుకో. అంతకుముందు అరగంట చాయ్, బీడీ ఏదీ ఉండొద్దు. 180కి 110 అంకెల్లో ఏది తాకినా ఆ రోజు ప్రాక్టీసు బంద్, డాక్టరు దగ్గరికి పోవాలి. 160కి 100 దాటితే నడక, నెమ్మదైన ఫామ్ వరకే. అంతకు తక్కువగా, నిలకడగా ఉంటే స్టాన్స్ మానక్కర్లేదు. గోడకు వీపు ఆనించి రెండు నిమిషాలు, రెండు నిమిషాలు విశ్రాంతి, ఇలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. ఈ కొలతతో వారాల తరబడి చేస్తే బీపీ కొంత దిగుతుంది కూడా. మొదట్లో రెండు నిమిషాలు నిలబడేంత ఎత్తులోనే ఉండు, మోకాలు ఎక్కువ వంచకు.

లేస్తే కళ్లు తిరగడానికి కారణం, కాళ్లలో నిలిచిన రక్తం వెంటనే పైకి రాకపోవడం. బీపీ గోలీలు రక్తనాళాలను వదులు చేస్తాయి కాబట్టి అది ఇంకా తెలుస్తుంది. లోతు నుంచి ఒక్కసారిగా లేవకు. సగం లేచి, మడమలు పదిసార్లు ఎత్తి దించి, అప్పుడు నిటారుగా నిలబడు. నీ గోలీ ఎటెనలాల్, మెటోప్రొలాల్ లాంటిదైతే నాడి ఎంత శ్రమపడ్డా పెద్దగా పెరగదు, వాచీలో అంకె నమ్మకు. రెండు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగితే మోతాదు సరిపోయినట్లు. గోలీ మూత్రం ఎక్కువ పోయించే రకమైతే ఎండకాలం నీళ్లు, పొటాషియం రెండూ తగ్గి పిక్కలు పడతాయి. డాక్టరును అడిగి రక్తపరీక్ష చేయించు.

నైట్ షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకు వద్దు. నిద్ర లేని ఒంటికి బీపీ ఎక్కువ ఉంటుంది, కాలు తప్పటడుగు వేస్తుంది. పండుకొని లేచి, సాయంత్రం పొద్దు వాలినాక చెయ్యి. మీ దిక్కు మే నెల ఎండ 45 డిగ్రీలకు పోతుంది, ఆరింటికి కూడా సిమెంటు సెగ కొడుతుంది, మట్టి నేల చూసుకో. ఓఆర్ఎస్ రోజూ తాగే పానీయం కాదు. లీటరు నీళ్లకు కలిపే ప్యాకెట్‌లో ఉప్పే 2.6 గ్రాములు, దానికితోడు వేరే సోడియం లవణం కూడా ఉంటుంది. వాంతులు, విరేచనాలు, బాగా చెమటోడ్చిన రోజుకు అది సరే. మామూలు రోజున నీళ్లు, ఉప్పు లేని సల్ల చాలు. ఛాతీ బిగింపు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మూతి వంకర, ఒక పక్క చేయి పట్టు తప్పడం వస్తే ఇంటికి పోయి చూద్దామనుకోకు, అక్కడి నుంచే 108కి కొట్టించు.

ప్రశ్న: చికున్‌గున్యా వచ్చి రెండు నెలలైంది. పొద్దున లేస్తే మణికట్లు, చీలమండలు బిగుసుకుంటాయి. పిడికిలి పూర్తిగా ముడవలేను. పంచ్‌లు, పిడికిళ్ల మీద పుషప్స్ మళ్లీ ఎప్పుడు?
— జగిత్యాల పాఠకురాలు, 27 ఏళ్లు

జవాబు: ఈ నొప్పులు కొందరికి వారాల్లో, కొందరికి నెలల్లో పోతాయి. మూడు నెలలు దాటినా వాపు ఉన్నా, పొద్దుటి బిగుసు గంటకు మించి ఉన్నా కీళ్లవాతం డాక్టరును కలవండి. జ్వరం మళ్లీ వచ్చిందా, డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోకూడదు. పారాసిటమాల్ ఒక్కటే.

మీకు తెల్లవారుజాము క్లాసు సరిపడదు. కీళ్లు అప్పుడే ఎక్కువ బిగిసి ఉంటాయి. సాయంత్రానికి మార్చుకోండి. ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చేతులు, పాదాలు పెట్టి వేళ్లు ముడవండి, చాచండి. బ్యాగు కొట్టడం, దూకడం, పిడికిళ్ల మీద పుషప్స్ ఆపండి. వాటి బదులు మోచేతుల మీద ప్లాంక్, గోడకు ముంజేతులు ఆనించి పుషప్. సాధన మొత్తంగా ఆగకుండా ఎనిమిది కదలికల బాదువాన్‌జిన్, లేదంటే 1956లో చైనా క్రీడా కమిషన్ కూర్చిన 24 భంగిమల తాయ్‌చీ ఫామ్ నేర్చుకోండి. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి ఎట్లా మారుతుందో, నడుం నుంచి చేతికి బలం ఎట్లా పోతుందో వేగంలో తెలియని సంగతులు నెమ్మదిలో తెలుస్తాయి. మీ పంచ్ తిరిగొచ్చినప్పుడు అది పనికొస్తుంది.

పది నిమిషాలతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి రెండు మూడు నిమిషాలు కలపండి. పొద్దున మంచం దిగకముందే నాడి చూసుకోండి. మామూలుకంటే పది ఎక్కువుంటే ఆ రోజు సగమే. పిడికిలి పూర్తిగా ముడిచి, తడి గుడ్డను నొప్పి లేకుండా పిండగలిగినప్పుడు గాలిలో పంచ్ మొదలుపెట్టండి. రెండు వారాలు అది సాఫీగా సాగితే మెత్తటి ప్యాడ్ మీద తేలిక దెబ్బలు, పుషప్స్ అన్నిటికంటే చివర.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం. హిమోగ్లోబిన్ 9.1. రెండు రౌండ్లకే గుండె దడ, ఆయాసం. వచ్చే నెల బెల్ట్ గ్రేడింగ్ ఉంది.
— మంచిర్యాల పాఠకురాలు

జవాబు: గ్రేడింగ్ వాయిదా వేయండి. 12 ఉండాల్సింది 9.1 ఉంటే కండరానికి ఆక్సిజన్ అందదు, పట్టుదలతో ఆ లోటు తీరదు. ఐరన్ మాత్రలు సరిగ్గా పడితే రెండు మూడు వారాలకు సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. మాత్రను తిండికి గంట ముందు, నిమ్మరసంతో. చాయ్, పాలు, కాల్షియం గోలీలకు రెండు గంటల ఎడం ఉండాలి. అన్నం తినగానే చాయ్ తాగే అలవాటే చాలామందిలో మాత్రను వృథా చేస్తుంది. మలం నల్లగా వస్తే భయం లేదు. కడుపులో తిప్పితే మాత్ర మానకుండా, రోజు మార్చి రోజు వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు వాడాలి. తోటకూర, పెసర్లు, నువ్వులు మంచివే, మాంసం తినేవాళ్లయితే కార్జం ఇంకా బాగా ఒంటబడుతుంది. నెలసరి వారం దాటుతోందా, పెద్ద గడ్డలు పడుతున్నాయా అన్నది సిగ్గుపడకుండా చెప్పండి. కారణం అక్కడే ఉంటే మాత్రలతో ఒడవదు. మట్టిలో ఒట్టికాళ్లతో ప్రాక్టీసు చేస్తారు కాబట్టి కొంకిపురుగుల మందు సంగతి కూడా అడగండి.

అప్పటిదాకా ఫామ్ వరుస, ఒంటికాలి నిలకడ, ఇద్దరు ఎదురెదురుగా చేసే నెమ్మదైన చేతుల సాధన. రౌండ్లు, పరుగు వద్దు. 8 కిందికి దిగినా, కూర్చున్నప్పుడే దడ వచ్చినా అన్నీ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: నిరుడు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. ఇసుక సంచి మీద అరచేతుల సాధన, ముంజేతులు ఢీకొట్టే సాధన మళ్లీ మొదలుపెట్టవచ్చా? చైనా మూలికల తైలం రాస్తే నెత్తురు గడ్డకట్టదంటారు.
— నిజామాబాద్ పాఠకుడు

జవాబు: రెండూ వద్దు. ఆ మాత్రలు వాడుతున్నంతకాలం చిన్న దెబ్బకే లోపల నెత్తురు చిమ్ముతుంది, ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ తైలాల తయారీలు కొన్నిటిలో విషపు మూలికలుంటాయి. నోట్లోకి పోకూడదు, చిట్లిన చర్మం మీద రాయకూడదు. గుండె డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి సరేనంటే ఫామ్‌లు, ఎత్తైన స్టాన్స్‌లు, తేలికపాటి ఆయుధ ఫామ్‌లు చేయండి. స్పారింగ్ మాత్రం తలకు కవచం పెట్టుకున్నా వద్దు. కవచం చర్మం చిట్లకుండా ఆపుతుంది, పుర్రె లోపల మెదడు కుదుపును ఆపదు. పొరపాటున తలకు దెబ్బ తగిలితే, ఏమీ అనిపించకపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లి ఈ మాత్రలు వాడుతున్నానని మొదటి మాటగా చెప్పండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతి అయినా, నిద్రమత్తుగా ఉన్నా 108. మాత్రల పేర్లు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి, అలాంటిదే ఒకటి మాస్టర్ దగ్గర కూడా ఉంచండి.